పక్కకు లాగినవి

జనవరి 9

చిన్నోడా,

నలభై నాలుగేళ్లొచ్చాక కూడా చిన్నోడేనా అని పోయిన ఉత్తరంలో అడిగావు. నీకు తొంభై వచ్చినా నేను నీకంటే ఆరేళ్లు పెద్దదాన్నే. నోరు మూసుకుని చదువు. ఇది గురువారం జీపుకి అందాలని గబగబా రాస్తున్నాను. మీ పార్కులో ఫోను పలికే రోజు వచ్చేదాకా నాకీ చేతినొప్పి తప్పదు.

విషయం ఏమిటంటే, మీ రోడ్డు మా సర్వే ఆఫీసుకొచ్చింది. పార్కు మధ్యనుంచి పోయే ఆ పద్నాలుగు కిలోమీటర్లకి మీరు సాయంత్రం ఆరింటికి గేటు వేసి మర్నాడు ఆరింటికి తీస్తారు కదా, ఇరవై రెండేళ్లుగా. ఆ గేటు ఇంకా అవసరమా అని పైనుంచి అడిగారు. ఫిబ్రవరి ఒకటి నుంచి తొంభై రోజులు రాత్రుళ్లు కూడా తెరిచి ఉంచి చూస్తారు. రోజూ పొద్దున ఎనిమిదింటికి గేటు గార్డు రోడ్డు పొడుగునా వెళ్లి, బళ్లు తగిలి చచ్చిన జంతువులు తారు మీద ఎన్ని ఉన్నాయో ఫారంలో రాయాలి. గార్డంటే నువ్వే. ఆ ఫారాలు వచ్చి పడేది నా బల్ల మీద. కూడికలు నావి. ఒక హద్దు పెట్టుకున్నారు. లెక్క అది దాటితే గేటు మళ్లీ పడుతుంది, దాటకపోతే ఇక ఎప్పటికీ తెరిచే ఉంటుంది. ఆ హద్దెంతో ఫారాలు నింపేవాళ్లకి చెప్పకూడదని రూలు. నన్ను అడగకు.

మీ బావ ఆశ నీకు తెలుసు. కూరగాయల లారీతో ఇన్నేళ్లూ ఆ కొండ చుట్టూ తిరిగి వస్తున్నాడు. ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం. నడుం పట్టేసి కుర్చీలోంచి లేవడానికి నా చెయ్యి కావాలి. గేటు తెరిస్తే పొద్దున టిఫినుకి ఇంట్లో ఉంటాడు. "అక్క ఆఫీసులో, తమ్ముడు గేటు దగ్గర, ఇంకేం కావాలి నాకు" అంటున్నాడు. నేను కూడికలు మాత్రమే చేస్తానని చెప్పాను. నువ్వూ ఉన్నది ఉన్నట్టు రాయి. ఒకటి ఎక్కువొద్దు, ఒకటి తక్కువొద్దు.

స్వెట్టరు వేసుకుంటున్నావా? అల్లింది బీరువాలో పెట్టుకోవడానికి కాదు.

అక్క

ఫిబ్రవరి 12

అక్కా,

ఫారాల కట్ట అందింది. స్వెట్టరు వేసుకునే రాస్తున్నాను, శాంతించు.

నా జోడీ గార్డు గురించి ఎప్పుడైనా చెప్పానా? ఎండైనా వానైనా, ఏదీ లేకపోయినా గొడుగు వెయ్యకుండా గది దాటడు. అందుకని గొడుగాయన అంటాం. వచ్చే ఏడాది రిటైరవుతాడు. నీ ఫారం తిప్పి తిప్పి చూసి, "అన్నీ గడులే. జింకలకి కూడా ముందే చెప్పాలయ్యా, ఏ గడిలో పడాలో చూసుకుని చావమని" అన్నాడు.

ఇదివరకు పగలంతా కలిపి నూట ఇరవై బళ్లు వెళ్లేవి. తెరిచిన మొదటి రాత్రి మూడు వందల నలభై. నిన్న ఐదు వందల పది. రోడ్డు పక్క గడ్డి పొట్టిగా కోయిస్తారు కదా, అక్కడ లేతగా మొలుస్తుంది. చీకటి పడగానే జింకలు ఆ లేత గడ్డికే వస్తాయి. ఇరవై రెండేళ్లుగా ఆ వేళకి రోడ్డు ఖాళీ అని వాటికి అలవాటు. కార్లవాళ్లు కిటికీల్లోంచి బిస్కట్లు, చిప్సు పారేస్తున్నారు. ఐదో కిలోమీటరు రాయి దగ్గర ఒక నక్క బస్సు కోసం నిలబడ్డట్టు రోజూ రోడ్డువారన కూర్చుంటోంది. పార్కులో పుట్టిన నక్క పొట్లాం చప్పుడుకి లేస్తోంది.

బావ లారీ వెళ్లేటప్పుడు మూడుసార్లు హారన్ కొడుతున్నాడు. "మీ బావగారి ఊరేగింపు, లేచి నిలబడు" అంటాడు గొడుగాయన. హారన్ వద్దని బావకి చెప్పు. బోర్డు ఉంది, చదవడం వచ్చు కదా.

ఫారంలో "కుందేలు కంటే చిన్నవి రాయవద్దు" అని ఉంది. అంటే పాములకి, పిట్టలకి, కప్పలకి చావు లేదన్నమాట. సరే, మీ రూలు. గడుల్లో పట్టనిది ఏదైనా ఉంటే అంచున రాస్తున్నాను. చూడు.

నీ తమ్ముడు

ఫిబ్రవరి 25

చిన్నోడా,

నీ అంచుల మూలంగా నాకు తలవాచేలా చీవాట్లు పడ్డాయి. మా దగ్గర ఫారాలు చదివే మిషను ఒకటుంది. గడుల బయట గీత కనిపిస్తే ఫారాన్ని బయటికి కక్కేస్తుంది. నీవి ఇరవై మూడు కక్కింది. పదకొండు రోడ్ల ఫారాలు ఆగిపోయాయి. మా ఆఫీసరు వచ్చి నా బల్ల ముందు నిలబడి, "ఈ గార్డెవరో కవిత్వం రాస్తున్నట్టున్నాడు" అన్నాడు. మా తమ్ముడేనని చెప్పలేదు.

ఆ ఇరవై మూడు ఫారాల అంచులు కత్తెరతో కత్తిరించి, ఒక్కొక్కటీ తెల్లకాగితం మీద అంటించి మళ్లీ పెట్టాను. సాయంత్రం ఏడున్నర అయింది. ఇకమీదట గడులు నింపు చాలు. అంచుల్లో రాసినవేవీ మాకు అక్కర్లేదు.

బావకి హారన్ సంగతి చెప్పాను. "వాడికి నిద్ర పట్టకుండా ఉండాలని కొడుతున్నా, గార్డు నిద్రపోతే ఎట్లా" అన్నాడు. మీ ఇద్దరి మధ్య నేనెందుకు, మీరే చూసుకోండి. కానీ ఒకటి చెప్పాలి. వారం రోజులుగా పొద్దున ఏడింటికల్లా వచ్చేస్తున్నాడు. నిన్న నా చెయ్యి పట్టుకోకుండా లేచాడు. అది నేను చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. ఎన్నేళ్లయిందో అలా లేచి.

అక్క

ఏప్రిల్ 7

అక్కా,

ఆలస్యమైంది, ఏమనుకోకు. కూర్చుని రాసే ఓపిక ఉండటం లేదు.

అంచుల్లో రాయడం మానేశాను, చూసే ఉంటావు. ఒకే సంగతి రెండుచోట్ల రాయడం నాకూ విసుగే.

పోయిన ఆదివారం మొదటి వాన పడింది. నాలుగో రాయి నుంచి ఆరో రాయి దాకా రోడ్డుకి ఎడమ పక్క చిత్తడి ఉంది. మొదటి వానకి కప్పలన్నీ చిత్తడిలోంచి లేచి, రోడ్డు దాటి, కుడి పక్క మడుగుల్లో గుడ్లు పెట్టడానికి వెళ్తాయి. ఏటా ఒక్క రాత్రే ఆ ప్రయాణం. తెల్లారి మేం వెళ్లేసరికి తారు కనబడలేదు. లెక్కపెట్టడానికి వీల్లేదు. పార తీసుకుని వెళ్లాం. గొడుగాయన మొదటిసారి గొడుగు మూసి చంకలో పెట్టుకున్నాడు. రెండు చేతులూ కావాల్సి వచ్చాయి.

మడుగుల్లో ఈసారి గుడ్లు దాదాపు లేవు. గుడ్లు లేకపోతే తోకకప్పలు లేవు. తోకకప్పలు లేకపోతే వాటి కోసం వచ్చే కొంగలు రావు. వారం చూశాను. రెండు వచ్చాయి, నిలబడ్డాయి, వెళ్లిపోయాయి. పోయినేడు అరవైకి పైగా దిగాయి.

గుడ్లగూబలు వెచ్చగా ఉంటుందని తారు మీద వాలుతున్నాయి. వాటి సంగతి నీకు విడిగా చెప్పక్కర్లేదు.

లెక్క నీ చేతిలో ఉందని ఒక్కటే ధైర్యం. ఇంకెవరి చేతిలోనైనా ఉంటే ఇంతటి దాన్నీ చిన్నది చేసి చూపిస్తారేమోనని భయపడేవాణ్ని. మే వచ్చేదాకా ఎలాగోలా లాగుతాం.

నీ తమ్ముడు

మే 16

చిన్నోడా,

లెక్క తేలింది. ఇప్పుడు చెప్పొచ్చు. హద్దు అరవై. మీ రోడ్డు మీద తొంభై రోజులకి వచ్చింది ఇరవై ఏడు. సగం కూడా లేదు! రిపోర్టు మీద కూడిక సరిచూసినదాన్ని నేనే కాబట్టి నా సంతకం కూడా ఉంది. నిన్న ఆర్డరు టైపయింది. గేటు ఇక తెరిచే ఉంటుంది.

నువ్వు బాధపడతావని తెలుసు. కానీ ఒక్కసారి నిమ్మళంగా ఆలోచించు. చిన్నప్పుడు వీధిలో రెండు కుక్కలు కొట్టుకుంటే ఇంటికొచ్చి ఇరవై అని చెప్పేవాడివి. అమ్మ కర్ర తీసుకుని పరిగెత్తేది. కప్పల ఉత్తరం చదివినప్పుడు నాకదే గుర్తొచ్చింది. నువ్వు ఎప్పుడూ ఆ అడవిలోనే ఉంటావు, ఒక్క జంతువు పోయినా నీకు పది పోయినట్టు ఉంటుంది. నీ చేత్తో నువ్వే నింపిన ఫారాలు మాత్రం ఇరవై ఏడే చెబుతున్నాయి. జంతువులకీ తెలివి ఉంటుంది, రోడ్డు దాటడం నేర్చుకున్నాయేమో.

బావ నీకు సంచీడు టమాటాలు పంపుతాడట, గేటు దగ్గర ఆగి ఇస్తాడు. తీసుకో. మొహం ముడుచుకోకు.

అక్క

మే 24

లెక్కల గుమాస్తా గారికి,

ఇరవై ఏడు అన్నారు. మొదటి వారంలోనే నలభై ఒకటి.

మా డ్యూటీ మీకు తెలిసే ఉంటుందనుకున్నాను. చచ్చినదాన్ని తారు మీద ఉంచితే దాన్ని తినడానికి గద్ద వాలుతుంది, నక్క వస్తుంది. బండి వాటినీ గుద్దుతుంది. ఒకటి చస్తే మూడు చస్తాయి. అందుకని వెలుగు రాగానే, ఐదున్నరకల్లా, గార్డులు రోడ్డంతా తిరిగి కళేబరాలను తారుకి ఇరవై అడుగుల దూరం లాగెయ్యాలి. మొదట్నుంచీ ఉన్న రూలు. లాగిన ప్రతిదాన్నీ గేటు రిజిస్టరులో రాస్తాం. తేదీ, రాయి నంబరు, ఏ జంతువు, ఆడదా మగదా. మీ ఫారం ఎనిమిదింటికి తారు మీద ఏముందో రాయమంది. ఎనిమిదింటికి తారు మీద ఉన్నవి, మేం వెళ్లొచ్చాక చచ్చినవి మాత్రమే. అవే రాశాను. "పక్కకు లాగినవి వేరు, రిజిస్టరు చూడండి" అని మూడు వారాలు ప్రతి ఫారం అంచునా రాశాను. అక్కర్లేదన్నారు. అంటే రిజిస్టరు మీ దగ్గరికి వచ్చిందనుకున్నాను.

రిజిస్టరులో తొంభై రోజులకి ఉన్నవి మూడు వందల ఎనభై ఆరు. ఇందులో కప్పలు లేవు.

మీ సంతకం చూశాను. ఆర్డరు నకలు గేటుకి అంటించారు. మీ ఆయన పొద్దున టిఫినుకి ఇంట్లో ఉంటున్నందుకు సంతోషం. టమాటాలు గేటు దగ్గరే వదిలేశాను, కోతులు తిన్నాయి.

గేటు గార్డు

జూన్ 3

తమ్ముడూ,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. చదివి బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పుకుని కాసేపు నిలబడ్డాను.

ముందు నా తప్పు చెబుతాను. కత్తిరించిన అంచులు నేను చదవలేదు. ఇరవై మూడింటిలో ఒక్కటి కూడా. మిషను ఆగింది, ఆఫీసరు నిలబడ్డాడు, కత్తెర తీశాను. అంతే. కాగితం ముక్కలు పారెయ్యడం నాకు అలవాటు లేదని నీకు తెలుసు. ఫైళ్ల మధ్య గుర్తుకి పెట్టుకోవడానికి డ్రాయరులో వేశాను. నీ ఉత్తరం వచ్చాక అన్ని ఫైళ్లూ తెరిచి వెతికితే పద్నాలుగు దొరికాయి. అన్నిట్లోనూ నీ రాత. "ఇవాళ పక్కకు లాగినవి 6, రిజిస్టరు చూడండి." "పక్కకు లాగినవి 9, అందులో కడుపుతో ఉన్న జింక 1." అది చదివి మళ్లీ అన్నీ వరసగా పేర్చాను.

ఇప్పుడు నీ తప్పు. అలాంటి రిజిస్టరు ఒకటుందని మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. మీది అడవి శాఖ, మాది రోడ్ల శాఖ. మెట్లెక్కి వెళ్లి ఒకరినొకరు అడిగే అలవాటు మాకు లేదు. ఈ లెక్క మొదలయ్యాక, రిపోర్టు వెళ్లేలోపు నువ్వు రెండు ఉత్తరాలు రాశావు. ఒక్కదాంట్లోనైనా "అక్కా, రోజుకి నాలుగు లాగేస్తున్నాం" అని సూటిగా రాసి ఉంటే సరిపోయేది. ఎందుకు రాయలేదంటే, అంచుల్లో రాయొద్దన్నానని నువ్వు అలిగావు. నిన్ను నేనే ఎత్తుకు పెంచాను, నీ అలక నాకు తెలియదా?

మూడోది. మీ బావ కోసం లెక్క తగ్గించానని అన్నావు. ఆ మాట నేను మర్చిపోలేను. ప్రయత్నిస్తాను, హామీ ఇవ్వను.

రిజిస్టరు నకలు పంపు. ప్రతి పేజీ కింద ఇద్దరు గార్డుల సంతకాలు ఉండాలి. నా రిపోర్టు తప్పని నేనే రాసి ఇస్తాను.

అక్క

జూన్ 22

అక్కా,

నకలు ఇందులోనే ఉంది, నలభై రెండు పేజీలు. ఫోటోకాపీ మిషను పార్కు ఆఫీసులో ఉంది కానీ రిజిస్టరు గేటు దాటించకూడదట. చేత్తో ఎక్కించాం. నేను చదివితే గొడుగాయన రాశాడు, ఆయన రాత నాకంటే నయం. నాలుగు రోజులు పట్టింది. మధ్యలో ఒకచోట ఆపి, "ఇన్నా?" అన్నాడు. రోజూ లాగింది ఆయనే. లాగినప్పుడు లెక్క తెలియదు.

రిజిస్టరు ఎవరు చదువుతారని పార్కు ఆఫీసు గుమాస్తాని అడిగాను. నిండాక బైండింగుకి వెళ్తుందట, తర్వాత బీరువాలోకి. ఇరవై రెండేళ్లవి వరసగా ఉన్నాయి, అట్టల మీద దుమ్ము తుడిచి చూపించాడు. పాపం, గర్వంగానే చూపించాడు.

బావ పేరు ఎత్తడం నా తప్పు. కోపంలో చేతికి దొరికింది విసిరాను, అది నీకు తగిలింది. అలిగానన్నది కూడా నిజమే.

ఇక్కడ రోజుకి ఏడు వందల బళ్లు. నీళ్లు రోడ్డుకి పడమటి పక్కన, మేత తూర్పు పక్కన. ఇదివరకు జింకల మంద సాయంత్రం దాటి నీళ్లకి వెళ్లి, తెల్లారేలోపు మేతకి తిరిగొచ్చేది. ఇప్పుడు తూర్పున ఉన్నవి అక్కడే ఉండిపోతున్నాయి. దాని మూలంగా తూర్పు గడ్డి మట్టి కనిపించేదాకా కొరికేశాయి, పడమటి గడ్డి మనిషి ఎత్తు పెరిగి ఎండుతోంది. చిరుత అడుగులు చూసి మూడు వారాలైంది.

తొందరగా ఏదైనా చెయ్యి. నిన్ను తొందరపెట్టే హక్కు నాకు లేదు, అయినా అడుగుతున్నాను.

నీ తమ్ముడు

ఆగస్టు 14

చిన్నోడా,

నీ నలభై రెండు పేజీలకి పైన నావి మూడు పేజీలు కుట్టి ఇచ్చాను. లెక్క ఎలా తప్పిందో, అంచులు ఎవరు కత్తిరించారో, అన్నీ రాశాను. ఆఫీసరు ముందు తలుపు వేసి చాలాసేపు మెత్తగా చెప్పాడు. "అమ్మా, నీకు ఇంకా ఎనిమిదేళ్ల సర్వీసు ఉంది. చచ్చిన జింకల కోసం బతికున్న ఉద్యోగం పాడు చేసుకుంటావా?" నేను కాగితం వెనక్కి తీసుకోలేదు.

ఫలితం ఇది. ఆర్డరు ఇప్పుడు రద్దు కాదు. రోడ్డు తెరిచాక కొత్త లెక్కతో మూయడానికి రూల్సులో వీల్లేదట. ఏడాది తర్వాత సమీక్ష ఉంది. వచ్చే ఫిబ్రవరి నుంచి మళ్లీ తొంభై రోజులు లెక్క. హద్దు అదే, అరవై. ఈసారి ఫారం మారింది. వెలుగు రాగానే లెక్క, తారు మీదవే కాకుండా రెండు పక్కలా ఇరవై అడుగుల దాకా. "పక్కకు లాగినవి" అని ఒక గడి ఉంది. ఆ గడి నేను గీసింది. అరవై దాటితే గేటు పడి తీరుతుంది, అది రాయించుకున్నాను. పోయినసారి మూడు వందల ఎనభై ఆరు కాబట్టి ఇక అనుమానం లేదు. ఈ కొన్ని నెలలు ఓర్చుకో.

నన్ను కింద పాత ఫైళ్ల గదికి మార్చారు. కిటికీ లేదు, ఫ్యాను ఉంది. జీతం అంతే.

మీ బావ నెల రోజులు నాతో మాట్లాడలేదు. కంచం తీసుకుని హాల్లోకి వెళ్లి తినేవాడు. నిన్న వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "నేనూ ఒకదాన్ని కొట్టాను" అన్నాడు. ఫిబ్రవరిలో, పంతొమ్మిదో తేదీ, మలుపు దాటాక. ఆగలేదట. ఆగితే వెనకున్నవాడు వచ్చి తనని గుద్దుతాడని. నీ నకలు తీసి చూశాను. ఫిబ్రవరి పంతొమ్మిది, ఆరో రాయి, ఆడ జింక. వేలు పెట్టి చూపించాను. చదివి, కంచంలో చెయ్యి కడిగి లేచాడు.

అక్క

మే 4

అక్కా,

తొంభై రోజులూ అయ్యాయి. కొత్త ఫారాలన్నీ నా ముందున్నాయి. గురువారం జీపులో పంపాలి. పంపేముందు నిన్నొక మాట అడగాలి.

మొత్తం పంతొమ్మిది.

నేను తగ్గించలేదు. రోజూ వెలుగు రాకముందే బయల్దేరాను, రెండు పక్కలా ఇరవై అడుగులు కాదు, నలభై నడిచాను. పొదలు కూడా వెతికాను. మార్చిలో వరసగా పదకొండు రోజులు ఒక్కటీ లేదు. మొదట్లో సంతోషపడ్డానని కూడా చెబుతాను, అంత మొద్దుని. తర్వాత రోడ్డు వదిలి లోపలికి వెళ్లి చూశాను. రోడ్డుకి అటూ ఇటూ అరకిలోమీటరు దాకా పేడ లేదు, అడుగు లేదు. తూర్పు మంద పోయిన ఎండల్లో నూట నలభై ఉండేది. ముప్ఫై ఒకటి లెక్కపెట్టాను, డొక్కలు కనిపిస్తున్నాయి. మిగతావి రోడ్డు మీద చావలేదు. నీళ్లు లేక లోపలే చచ్చాయి. ఐదో రాయి నక్క శీతాకాలంలోనే పోయింది. మొదటి వాన పడింది. నేనూ గొడుగాయనా పారలు తీసుకుని వెళ్లాం. పార అక్కర్లేకపోయింది.

చావడానికి రావాలి కదా అక్కా. రావడం లేదు.

గొడుగాయన నిన్న అన్నాడు, "వంద రాసెయ్. ఏ మహానుభావుడొచ్చి ఎముకలు లెక్కపెడతాడు? నేను కింద సంతకం పెడతా. నెలలో రిటైరయ్యేవాణ్ని, నన్నేం పీకుతారు" అని. తమాషాకి అనలేదు. వంద రాస్తే గేటు పడుతుంది. గేటు పడితే ఆ ముప్ఫై ఒకటైనా నీళ్లకి వెళ్తాయేమో. పంతొమ్మిది రాస్తే "బాగుపడింది" అంటారు.

ఆ గడి గీసినదానివి నువ్వు. దాని కోసం కిటికీ లేని గదిలో కూర్చున్నదానివీ నువ్వే. వంద రాయనా?

నీ తమ్ముడు

మే 10

చిన్నోడా,

నీ ఉత్తరం అందిన రోజు వంద రాయమని ఒక ఉత్తరం రాశాను. కవరు అంటించాను. మర్నాడు చించాను. దాని బదులు ఇది.

పంతొమ్మిది రాయి.

నీతులు చెప్పడం లేదు. లెక్క చెబుతున్నాను. వంద అంటే ఇప్పుడున్న మందకి మూడింతలు. ఆఫీసరు నమ్మడు, మనిషిని పంపుతాడు. నువ్వు లాగినచోట ఎముకలు చూపించమంటాడు. చూపించలేవు. అప్పుడు పోయినేటి మూడు వందల ఎనభై ఆరు కూడా మీ గార్డులిద్దరూ కూర్చుని కల్పించిందే అంటాడు. ఇప్పటిదాకా ఆ అంకెని ఎవరూ అబద్ధమనలేదు. కాదనలేక పక్కన పెట్టారు, అంతే. అక్కడ అన్ని జంతువులు ఉండేవని చెప్పడానికి మన దగ్గర ఇంకేమీ లేదు. దాన్ని పోగొట్టకు.

ముప్ఫై ఒకటి సంగతి విడిగా రాసి, పార్కు ఆఫీసుకీ మా ఆఫీసుకీ పంపు. సూటిగా రాయి. నేనూ ఒక కాగితం పెడతాను. ఏమవుతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా పెడదాం.

మీ బావ నిన్న టిఫిను చేస్తూ, "ఆ రోడ్డులో ఈ మధ్య బ్రేకు మీద కాలు పెట్టే పనే ఉండటం లేదు" అన్నాడు. మంచి కబురు చెప్పినట్టే మొదలుపెట్టాడు. సగంలో నా మొహం చూసి ఆపేశాడు. ఇంకో దోశ వెయ్యమని అడగలేదు.

నేను తప్పు చెబుతున్నానేమో. తప్పైతే ఇది కూడా నా మీదే రాసుకో.

అక్క

జూన్ 19

అక్కా,

పంతొమ్మిదే రాశాను. నీ మీద ఏమీ రాసుకోలేదు. సంతకం నాది.

సమీక్ష అయిపోయింది. మూడు వందల ఎనభై ఆరు నుంచి పంతొమ్మిదికి తగ్గినందుకు మా గేటుకి అభినందన పత్రం వచ్చింది. నీ అంకెని ఒప్పుకున్నారు చూశావా, తగ్గిందని చెప్పడానికి పనికొచ్చింది. ముప్ఫై ఒకటి గురించి నేను రాసిన కాగితానికి "చూసితిమి" అని జవాబు. గొడుగాయన అభినందన పత్రం తీసుకోనన్నాడు. ఆయన రిటైరయ్యాడు, నన్ను పార్కింగు స్థలానికి వేశారు. వచ్చే వారం నుంచి కార్లకి చీటీలు ఇస్తాను.

సోమవారం గేటు కోసేశారు. గ్యాసు కట్టరుతో ఇద్దరు వచ్చారు. పాత ఇనుము, గట్టిగా ఉంది. పదింటికి మొదలుపెడితే పన్నెండున్నర అయింది. నిప్పురవ్వలు పడతాయని రెండు వైపులా బళ్లు ఆపేశారు. పద్నాలుగు కిలోమీటర్లలో ఒక్క బండి లేదు. పదహారు నెలల్లో అలా ఉండటం మొదటిసారి. నన్ను ఆరో రాయి దాకా వెళ్లి రోడ్డు ఖాళీ అని చూసి రమ్మన్నారు.

నేను రాయి మీద కూర్చున్నాను. ఒక అరగంటకి తూర్పు పక్క నుంచి ఒక ఆడ జింక వచ్చింది. పగటిపూట, అంత ఎండలో. దాహంగా ఉన్నట్టుంది. తారు అంచుదాకా వచ్చి ముందు కాలు ఒకటి తారు మీద పెట్టింది. అటు చూసింది, ఇటు చూసింది. రెండు వైపులా ఏమీ లేదు. చప్పుడు లేదు. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. నీళ్లు మూడు వందల గజాల దూరంలో ఉన్నాయి, గాలి అటునుంచే వీస్తోంది, దానికి వాసన తెలుస్తూనే ఉండాలి.

చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత కాలు వెనక్కి తీసుకుని వచ్చిన దారినే వెళ్లిపోయింది.

పన్నెండున్నరకి బళ్లు వదిలారు.

నీ తమ్ముడు